అమ్మిన ఇంట్లో పెళ్లిపందిరి

బ్యాంకు ఉద్యోగమంటే కౌంటరు, తలమీద ఫ్యాను, సాయంత్రం వేళకి గేటు మూసేయడం అనుకుని చేరినదాన్ని నేను. చివరి పదేళ్లూ ఆ ఫ్యాను కింద కూర్చునే యోగం నాకు పట్టలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్ల రుణాల మొండి బాకీలు చూసే పని నాకు అప్పగించారు. నెలల తరబడి వాయిదా కట్టని అప్పుని మా భాషలో మొండి బాకీ అంటారు. ఆడమనిషి వెళితే జనం తిట్టరని నన్ను ఎంచారట. ఆ లెక్క తప్పు. మా వైపు జనం తిట్టడానికి ఆడా మగా చూడరు. తిట్టాక మజ్జిగ ఇస్తారు, అంతే తేడా.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు నన్ను అడుగుతుంటారు, ఎలా చేయాలి మేడమ్ అని. నా బదిలీల కథ, ప్రమోషన్ల కథ మీకు అక్కర్లేదు. చట్టం శిక్షణలో చెబుతారు. శిక్షణలో చెప్పనిది ఒకటుంది. మీరు వసూలు చేయడానికి వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక శుభకార్యం ఆగి ఉంటుంది, లేదా ముంచుకొస్తూ ఉంటుంది. ఆ శుభకార్యం ముందా, ఇల్లు అమ్మడం ముందా అన్న చోటే ఎక్కువ మంది మునిగిపోతారు. మునగడానికి మనవాళ్లే ఒక చెయ్యి వేస్తారు. దాని గురించే రాస్తున్నాను.

గజపతినగరం టీచరమ్మ

నేను ఈ పనిలోకి వచ్చేసరికే ఆ ఫైలు పాతబడిపోయింది. గజపతినగరంలో ఒకాయన పెళ్లికి ముందు అప్పు చేసి ఇల్లు కట్టాడు. వాయిదాలు ఆగిపోయాయి. ఈలోగా ఆయనకి స్కూలు టీచరుతో పెళ్లయింది. అప్పటి మా అధికారి ఒకరు, పేరెందుకు, పెళ్లయిన వారం తిరక్కుండా వాళ్లింటికి వెళ్లాడు. అప్పుని కొత్త గడువుతో తిరగరాస్తాం, అమ్మాయి కూడా ఒక సంతకం పెడితే చాలన్నాడు. అత్తవారింట్లో అడుగుపెట్టిన కొత్త పెళ్లికూతురు, పసుపు ఆరని చేత్తో, ఎవరు ఏది చూపిస్తే దానిమీద సంతకం పెట్టింది.

ఇల్లు భర్త పేరు మీదే ఉంది. అందులో ఆమెకి గోడలో ఇటుకంత హక్కు లేదు. సంతకం వల్ల అప్పులో మాత్రం సమానంగా భాగం వచ్చింది. తర్వాత ఇల్లు వేలానికి వెళ్లింది. వేలంలో వచ్చింది అప్పుకి చాల్లేదు. ఆ లోటు కోసం మావాళ్లు ఎవరి వెంట పడ్డారో చెప్పక్కర్లేదు. వేళకి జీతం వచ్చేది ఆమెకే. నేను కలిసేనాటికి ఆ భార్యాభర్తలు విడిపోయి ఉన్నారు. ఆమె మాత్రం కడుతూనే ఉంది.

"పెళ్లాంని గాబట్టి నా మీద పడిందనుకున్నాను మేడమ్. సంతకం ఎట్టకపోయుంటే పడేది కాదా?" అని అడిగింది ఆమె నన్ను.

పడేది కాదని చెప్పాను. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం ఆ రోజంతా ఒళ్లు మండిపోయింది.

మగవాడు పెళ్లికి ముందు చేసిన అప్పు మెళ్లో తాళి పడినంత మాత్రాన ఆడపిల్ల మెడకి చుట్టుకోదు. మన చట్టంలో అలా లేదు. అప్పు సంతకాన్ని బట్టి నడుస్తుంది. ఈ చిన్న విషయం మన జిల్లాల్లో నూటికి తొంభై ఇళ్లలో తెలియదు. తెలిసిన బ్యాంకువాళ్లు చెప్పరు.

కోటబొమ్మాళి ఇల్లు

కోటబొమ్మాళిలో సింహాచలం అనే కుర్రాడి ఇంటికి నేను మొదటిసారి వెళ్లింది నోట్ల రద్దు తర్వాతి సంవత్సరం చివర్లో. సెంట్రింగ్ సామాను అద్దెకివ్వడం అతని వ్యాపారం. శ్లాబు పోసేటప్పుడు కింద పరిచే ఇనప రేకులు, వాటికి ఆసరాగా నిలబెట్టే కర్రలు, జాకీలు అన్నమాట. చేతిలో నగదు ఆడక ఊళ్లో కట్టడాలన్నీ ఆగిపోయాయి. అతని రేకులు పెరట్లో తుప్పు పట్టాయి. తన ఇంటి పై అంతస్తు కూడా స్తంభాల దగ్గరే ఆగింది. తండ్రి లేడు. అప్పు పత్రాల మీద అతనిదీ, తల్లి పైడమ్మదీ సంతకాలున్నాయి.

నేను వెళ్లింది పుష్యమాసంలో. వేలం నోటీసు తలుపు మీద అంటించడానికి. ఇంటికి అప్పటికే సున్నం వేస్తున్నారు.

"ఏటండీ ఇప్పుడు సున్నం?" అని వాళ్ల మాటలోనే అడిగాను పైడమ్మని.

"పెల్లి గదమ్మా. ఫాల్గునంలో మా వోడికి పెల్లి. మా తమ్ముడి కూతురే. ఆ కాయితం ఈ గోడకి అంటించకమ్మా, సున్నం తడారనేదు. పెరటి తలుపుకి అంటించీ."

నవ్వు ఆపుకుని, చట్టప్రకారం వీధి తలుపుకే అంటించాలన్నాను. ఆవిడే వెళ్లి అంబలి గిన్నెలోంచి జిగురులా కాస్త తెచ్చి ఇచ్చింది. తన ఇంటి వేలం నోటీసుకి తనే జిగురిచ్చిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పెళ్లికూతురు నీలవేణి శ్రీకాకుళంలో సర్కారు ఆసుపత్రి నర్సు. తండ్రి అప్పన్నది శ్రీముఖలింగం పక్క ఊరు, వరి రైతు. అక్క కొడుక్కి పిల్లనివ్వాలని ఎప్పటినుంచో అనుకున్న మాట. పిల్లలిద్దరికీ ఇష్టమే. నోటీసు సంగతి తెలిసి అప్పన్న మూడో రోజుకి మా ఆఫీసులో ప్రత్యక్షమయ్యాడు.

"మేడమ్, ఒక్క మాట సెప్పండి. ఈ పెల్లయితే ఆ అప్పు మా గుంట నీలవేణి మీద పడతాదా, పడదా? పడతాదంటే నాను సమ్మందం వొగ్గెత్తాను. అక్క మొకం మళ్లీ సూడకపోయినా సరే."

చూశారా, ఇక్కడ ఉన్నది ఇల్లు ఒక్కటే కాదు. తప్పు మాట ఒకటి నా నోట్లోంచి వస్తే పెళ్లి పోతుంది, అక్కాతమ్ముళ్ల రాకపోకలు పోతాయి. నిజం సగమే చెబితే ఆ పిల్ల ఇంకో గజపతినగరం టీచరవుతుంది. అందరి ముందూ చెబుతాను, అప్పటిదాకా తొందరపడొద్దని ఆయన్ని పంపించాను.

పెద్దసారు లెక్క

మా పెద్దసారు మంచివాడు. ఇది వెటకారం కాదు. ఎవరి దగ్గరా టీ కూడా తాగేవాడు కాదు. ఆయన జబ్బల్లా అంకెలే. త్రైమాసికం చివరికి మొండి బాకీల జాబితా చిన్నది కావాలి, ఎలా అన్నది ఆయనకి అనవసరం.

"అమ్మాయి సర్కారు నర్సా? మరింకేం అమ్మా," అన్నాడు ఫైలు చూసి. "పెళ్లి కానివ్వు. తర్వాత కోడల్ని కూడా అప్పులో చేర్చి గడువు తిరగరాద్దాం. ఇల్లు నిలబడుతుంది, మన బాకీ జాబితాలోంచి పోతుంది. అందరికీ మంచిదేగా."

ఈ మాట ఎంత తియ్యగా ఉంటుందో గమనించండి. పైడమ్మకి చెబితే ఎగిరి గంతేస్తుంది. సింహాచలం ఆదాయం మాత్రం అప్పటికి సున్నా. అంటే ఆ వాయిదాలు మొదటి నెల నుంచీ నీలవేణే కట్టాలి, తనది కాని ఇంటికి. కట్టలేని రోజున ఇల్లూ పోతుంది, ఆమె జీతమూ పోతుంది.

"సార్, ఆ ఇల్లు అప్పుని మోయలేదు. ఇప్పుడే అమ్ముకోనిద్దాం. వాళ్లంతట వాళ్లు అమ్మితే వేలం కంటే మంచి ధర వస్తుంది. మిగిలిన లోటు సింహాచలం వాయిదాల్లో కడతాడు," అన్నాను.

"ఆ లోటుకి హామీ ఏదీ? సరే, అమ్మకమే అయితే రిజిస్ట్రేషను పెళ్లయ్యేదాకా ఆపు. అప్పుడు లోటు కాగితం మీద కోడలు కూడా సంతకం పెడుతుంది."

అక్కడే ఉంది కిటుకంతా. అదే ఇల్లు, అదే అప్పు, అదే లోటు. అమ్మకం పెళ్లికి ముందైతే ఆ పిల్ల ఎవరికీ ఏమీ కాదు, సంతకం అడగడానికి ఎవరికీ నోరు రాదు. తర్వాతైతే కొనేవాడు అడుగుతాడు, బ్యాంకు అడుగుతుంది, అత్తగారు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. చట్టం రెండుసార్లూ ఆమెని వదిలేస్తుంది. మనుషులు వదలరు.

"సార్, కొనేవాడు ఇప్పుడున్నాడు. ఫాల్గుణం దాకా ఉంటాడని మీరు రాసిస్తే ఆపుతాను," అన్నాను. ఆయన రాసివ్వలేదు. గొంతు సవరించుకుని, అమ్మకం తేల్చుకురమ్మన్నాడు.

వరండాలో పంచాయితీ

కొనేవాడు నిజంగానే ఉన్నాడు. పక్కవీధిలో ఎరువుల షాపు రమణమూర్తి. ధర కుదిరింది. ఇక అందరూ సంతోషపడాలి కదా. పడలేదు.

మా వైపు చాలా కుటుంబాల్లో పెళ్లి మగపెళ్లివారింట్లో జరుగుతుంది. అది మీకు తెలిసిందే. పైడమ్మ ఇంటి పట్టింపు ఇంకొకటుంది. పెళ్లిపందిరి వేసిన ఇంటిని ఏడాది తిరక్కుండా అమ్మకూడదు. అమ్మితే కొత్తజంటకి అచ్చిరాదని వాళ్ల పెద్దల మాట. కాబట్టి పెళ్లి ముందైతే ఏడాది దాకా అమ్మకం లేదు, ఈలోగా వేలం ఖాయం. అమ్మకం ముందైతే పందిరి వేయడానికి ఇల్లే లేదు. కళ్యాణమండపం అంటే పైడమ్మ వినదు. ఎవరూ దిక్కులేనివాళ్లే అలా చేసుకుంటారని ఆవిడ గట్టి నమ్మకం.

ఒక ఆదివారం ఆ వరండాలో అందరం కూర్చున్నాం. పైడమ్మ, సింహాచలం, అప్పన్న, డ్యూటీ దిగి వచ్చిన నీలవేణి, నేను.

ముందు అప్పన్న ప్రశ్నకి జవాబు అందరి ముందూ చెప్పాను. పెళ్లి వల్ల అప్పు పడదని, సంతకం పెడితే పడుతుందని, గడువు తిరగరాసి ఇల్లు నిలబెడతామంటూ ఆ సంతకం అడిగేవాళ్లలో మా ఆఫీసు కూడా ఉంటుందని. ఈ చివరి ముక్క చెబితే నా ఉద్యోగానికి మంచిది కాదు. చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

అప్పన్న ఊపిరి పీల్చుకున్నాడు. పైడమ్మ ఒప్పుకోలేదు.

"అయితే కోడలు ఒక్క సంతకం ఎడితే ఇల్లు నిలబడతాదన్నమాట. రేపు దాని పిల్లలు తిరిగీ ఇల్లే గదా. ఎట్టకూడదేటి?"

"అక్కా, నీకు ఇల్లు కావాల. నాకు నా కూతురు కావాల. ఇంక సెప్పీదేటి నేదు," అంటూ అప్పన్న కండువా దులుపుకుని లేచాడు.

సింహాచలం అప్పటిదాకా నేల చూస్తున్నాడు. "కూకో మావా," అన్నాడు. "అమ్మా, నాను సేసిన అప్పుకి నీలవేణి సంతకం ఎట్టీదుంటే ఈ పెల్లి నాకొద్దు. నానే వొగ్గెత్తాను."

పైడమ్మ ఏడ్చింది. భర్త పోయాక నిలబెట్టుకున్న ఇల్లది. అందులో కొడుకు పెళ్లి చేయాలన్నది ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క కోరిక. ఇలాంటప్పుడు మన దగ్గర చట్టం తప్ప ఏమీ ఉండదు, అది ఎవరి కన్నీళ్లూ తుడవదు.

నీలవేణి లేచి చెప్పులేసుకుంది. ఎక్కడికని ఎవరూ అడిగేలోపే వీధిలోకి వెళ్లిపోయింది. అలిగి వెళ్లిపోయిందనుకున్నాం అందరం. కాసేపటికి రమణమూర్తి భార్య సుగుణమ్మని వెంటబెట్టుకుని వచ్చింది.

"అత్తా," అంది, "ఇల్లు ఈలకి అమ్మీ. అమ్మీసి, ఫాల్గునంలో ఇదే ఇంట్లో పందిరి ఏద్దాం. పందిరేసిన ఇల్లు అమ్మకూడదు గదా. ఈలు అమ్మరు."

అందరం సుగుణమ్మ వంక చూశాం.

"మాకేటి అబ్యంతరం," అంది ఆవిడ తీరిగ్గా అరుగు మీద కూర్చుంటూ. "కొన్న ఇంట్లో ముందుగాల పెల్లి జరిగితే మాకూ మంచిదే. మేం చైత్రంలో దిగుతాం. అద్దీ గిద్దీ ఏటీ వొద్దు. గుమ్మాలకి మామిడాకులు మట్టుకు నాను కడతాను."

పైడమ్మ కళ్లు తుడుచుకుని లేచి, గుమ్మం పట్టుకుని నిలబడింది. తన ఇంట్లో తనే చుట్టంగా నిలబడడం చిన్న విషయం కాదు. చివరికి సుగుణమ్మని చూసి అంది, "మామిడాకులు నువ్వు కట్టు. పందిరి రాట నానే ఏస్తాను."

"నువ్వు కాకపోతే ఇంకెవులేస్తారొదినా," అంది సుగుణమ్మ.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత చక్కని పరిష్కారం నాకు గానీ, మా పెద్దసారుకి గానీ, మా లాయర్లకి గానీ ఎన్నడూ తట్టలేదు. తట్టదు కూడా. మనం పట్టింపుని అడ్డంకిగా చూస్తాం. ఆ పిల్ల దాన్ని పాటిస్తూనే దారి వెతికింది. అందుకే చెబుతున్నాను, జనం పట్టింపుల్ని వెక్కిరించకండి. ఓపిగ్గా వినండి, వాటి లోపలే తలుపు ఉంటుంది ఒక్కోసారి.

రిజిస్ట్రేషను, తర్వాత భోజనం

మాఘంలో రిజిస్ట్రేషను అయింది. అమ్మినవాళ్లు తల్లీ కొడుకూ, అంతే. రమణమూర్తి లాయరు మాటవరసకి "కాబోయే కోడలు కూడా ఒక సంతకం పెడితే..." అని మొదలుపెట్టాడు. కాబోయే కోడలికి ఈ ఇంటితో ఏం సంబంధం అన్నాను. సాక్షిగా అయినా సరే అన్నాడు. సాక్షులు బయట టీ కొట్టు దగ్గర బోలెడుమంది ఉన్నారు, పిలుచుకోమన్నాను. మీరూ గుర్తుంచుకోండి, అలవాటుగా పెట్టే సంతకం లేదు. ప్రతి సంతకానికీ ఒక రోజు జవాబు చెప్పాల్సి వస్తుంది.

వచ్చిన సొమ్ము నేరుగా అప్పులోకి జమయింది. సెంట్రింగ్ సామానులో సగం అమ్మి సింహాచలం ఇంకొంత కట్టాడు. మిగిలిన లోటుని అతని పేరు మీదే వాయిదాలుగా మార్చాం. పెద్దసారు ఆ కాగితం మీద సంతకం పెడుతూ నన్ను ఒకసారి ఎగాదిగా చూశాడు, అంతే.

పెళ్లికి నన్ను పిలిచారు. బాకీ వసూలుకి తిరిగేవాళ్లకి శుభలేఖలు రావు. ఆ పదేళ్లలో నాకొచ్చింది అదొక్కటే. పందిట్లో పైడమ్మ నన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టి, "నోటీసు అంటించినమ్మ ఈవిడే" అని చుట్టాలందరికీ పరిచయం చేసింది. పనసకాయ కూర రెండుసార్లు వడ్డించింది. మర్నాడు పెద్దసారు, పెళ్లయింది కదా, ఇప్పుడైనా లోటు కాగితం మీద కోడలి సంతకం తెచ్చావా అని అడిగాడు. "భోజనం చేసి వచ్చాను సార్," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ తర్వాత మా ఆఫీసులో కొత్తకోడళ్ల సంతకాల మాట ఎత్తినప్పుడల్లా, ఇంట్లో వాటా ఉందా అని ముందు ఆయనే అడగడం మొదలుపెట్టాడు.

కౌంటరు దగ్గర

కొత్తజంట శ్రీకాకుళంలో అద్దింట్లో దిగింది. పైడమ్మ వాళ్లతోనే. సింహాచలం మిగిలిన సామానుతో మళ్లీ పని వెతుక్కున్నాడు. కట్టడాలు మెల్లగా మొదలయ్యాయి. పని ఉన్న నెల అతను వచ్చి వాయిదా కట్టేవాడు. లేని నెల నీలవేణి వచ్చేది, యూనిఫారంలోనే, ఆసుపత్రికి వెళుతూ.

నాకు భయం వేసింది. ఒకసారి పక్కకి పిలిచి, ఇది నీ బాధ్యత కాదు తెలుసు కదా అన్నాను.

"తెలుసు మేడమ్. మీరే సెప్పినారు గదా," అంది. "నా మీద లేదని తెలిసి కడతన్నాను. నా మీదుందని బెదిరిత్తే ఇంకోలాగుండేది."

రసీదు తీసుకుని వెళ్లిపోయింది.

నేను రిటైరయ్యే ఏడాది, అంటే రెండువేల పందొమ్మిదిలో, లోటు పూర్తిగా తీరింది. కొన్నాళ్లకి, నేనింకా ఉద్యోగంలో ఉండగానే, భార్యాభర్తలిద్దరూ మళ్లీ వచ్చారు. శ్రీకాకుళం శివార్లలో చిన్న స్థలం, నీలవేణి పేరు మీద. దాని మీద ఇల్లు కట్టుకోవడానికి అప్పు కావాలి. ఆమె జీతం సరిపోతుంది. సింహాచలం పాత రికార్డు వల్ల అతన్ని చేర్చకపోతేనే అప్పు తొందరగా వస్తుంది. ఆ మాట ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే, కుర్చీ ముందుకి జరుపుకుని అతనే అడిగాడు.

"నా సంతకం ఎక్కడెట్టాల మేడమ్?"

"నీ సంతకం అక్కర్లేదు బాబూ. ఇల్లు ఆమెది, అప్పు ఆమెది."

"అయితే ఈ అప్పుతో నాకేటి సమ్మందం నేదా?"

"చట్టప్రకారం లేదు."

"మరి నెలనెలా నాను వొచ్చి కడితే తీసుకుంటారా?"

నీలవేణి కాగితాల మీద సంతకాలు పెడుతూనే ఉంది. తల ఎత్తకుండా అంది, "తీసుకుంటారు బావా. నా దగ్గర తీసుకోనేదా."